‘ఎలాగూ విప్పాం కదా’.. ఈ ఒక్క మాటే నా బడ్జెట్‌ను ముంచింది!

లక్షన్నర అనుకున్న పాత కారు పని నాలుగు లక్షలు దాటింది. ఆ లెక్కలో ఉద్యోగానికి పనికొచ్చే పాఠాలు చాలానే ఉన్నాయి.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో పాత కార్లు బాగుచేయించే సరదా లేదు కాబట్టి రెండింటితో ఆపేశారు. ఉండుంటే మూడోది కూడా కచ్చితంగా చేర్చేవాళ్లు. లక్షన్నర రూపాయలు, నాలుగు నెలలు చాలనుకుని మా నాన్న పాత ఫియట్‌ను మెకానిక్ షెడ్డుకు తోలించా. చివరికి తేలిన లెక్క 4,06,000 రూపాయలు, 17 నెలలు.

ఉద్యోగాల పేజీలో ఈ కారు గోల ఏంటనుకోకండి. మీరు ఏ బ్రాంచి చదివినా, ఏ కంపెనీలో చేరినా మొదటి కొన్ని వారాల్లోనే ఎవరో ఒకరు అడుగుతారు.. ‘ఈ పనికి ఎన్ని రోజులు పడుతుంది? ఎంత అవుతుంది?’ అని. దానికి నిజాయతీగా, దగ్గరగా జవాబు చెప్పడం నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఆ కారు నేర్పింది. కాకపోతే ఫీజు కాస్త ఎక్కువే తీసుకుంది.

అసలు ఏం జరిగిందంటే..

మాది గుడివాడ. మా ఇంట్లో 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది. ఇటలీ ఫియట్ డిజైన్ చేసిన 1100 కారునే ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ మన దేశంలో తయారుచేసింది. 1974 నుంచి దానికి ‘పద్మిని’ అని పేరు పెట్టారు. పేరు మారినా మనవాళ్లకు మాత్రం అది ఎప్పటికీ ఫియటే. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్డు. నేను స్కూలుకి వెళ్లింది, అక్క పెళ్లికి బంధువుల్ని స్టేషన్ నుంచి తెచ్చింది అన్నీ ఆ కార్లోనే.

2017లో ఇంజిన్ మొరాయించింది. పెరట్లో రేకుల కింద పెట్టేశాం. అయిదు వానాకాలాలు అక్కడే గడిచాయి. 2022 జూన్‌లో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కాస్త డబ్బు దాచుకున్నాక నాకు ఆలోచన వచ్చింది. నవంబరులో నాన్న షష్టిపూర్తి. ఆ రోజు ఆయన్ని ఆయన కార్లోనే గుడికి తీసుకెళ్లాలి. నాన్నకు మాట కూడా ఇచ్చేశా.

నా మొదటి అంచనా

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరకు వెళ్లా. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, ‘పైకి కనిపించేది ఇంతే బాబూ. విప్పితేగానీ ఏదీ చెప్పలేను’ అన్నారు. నేను వదల్లేదు. ‘సుమారుగా చెప్పండి’ అని పట్టుబట్టి ఒక్కో పనికి ఒక్కో అంకె రాబట్టా. ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్ వేశా.

ఇంజిన్ - 40,000
బాడీ టింకరింగ్ - 30,000
పెయింట్ - 35,000
బ్రేకులు, సస్పెన్షన్ - 15,000
సీట్లు - 15,000
టైర్లు, బ్యాటరీ - 15,000
మొత్తం - 1,50,000

షీట్ చూడముచ్చటగా ఉంది. రంగులు కూడా వేశా. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆయన చెప్పిన రెండు వాక్యాల్లో నాకు ఇష్టమైన అంకెల్ని రాసుకుని, ఇష్టంలేని ‘విప్పితేగానీ చెప్పలేను’ను వదిలేశా. ఆ ఆరు అంకెలు అంచనాలు కావు. నా పోరు పడలేక ఆయన చెప్పిన మాటలు.

విప్పాక తెలిసింది

ముందుగా మ్యాట్లు తీశారు. మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్ రేకుని అలా పొడిచారు. అది అవతలికి వెళ్లిపోయింది. కింద నేల కనిపించింది. తలుపుల కింద ఉండే బాక్స్ రేకులదీ అదే పరిస్థితి. గతంలో ఎప్పుడో ఎవరో తుప్పు తీయకుండా పైన పుట్టీ రాసి రంగు కొట్టేశారు. బయటికి నున్నగా ఉంది, లోపల రేకు లేదు.

మెకానికల్ వాళ్లకు తెలిసే ఉంటుంది, జీపులా ఈ కారుకు విడిగా చాసిస్ ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అంటే ఫ్లోర్‌కు తుప్పు పడితే అది అందం సమస్య కాదు, భద్రత సమస్య. పాత రేకు కోసేసి, కొత్త రేకు వంచి వెల్డింగ్ చేయాల్సిందే. 30 వేలు అనుకున్న టింకరింగ్ 1,12,000 అయ్యింది. మొత్తం పెరిగిన ఖర్చులో దాదాపు మూడో వంతు ఈ ఒక్క లైనుదే.

ఇంజిన్ కూడా అంతే. ‘రింగులు మారిస్తే చాలు’ అనుకున్నా. అయిదేళ్లు కదలకపోయేసరికి పిస్టన్లు పట్టేశాయి. బోర్ కొలిస్తే అరుగుదల ఎక్కువగా ఉంది. రీబోర్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి, క్రాంక్ గ్రైండింగ్ చేయించాల్సి వచ్చింది. కారు తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. షోరూముకెళ్లి పార్టు అడిగే వీల్లేదు. కొన్ని ముంబయి కుర్లా నుంచి, కొన్ని చెన్నై పుదుపేట నుంచి తెప్పించాం. తెచ్చిన వాటిలో సరిపోనివీ ఉన్నాయి. ఒక పార్టు కోసం పని మూడు వారాలు ఆగితే, ఆ మూడు వారాలూ షెడ్డులో కారు పెట్టినందుకు అద్దె నడుస్తూనే ఉంటుంది.

అసలు దొంగ ఈ మాటే

తుప్పు నా చేతుల్లో లేదు. ఒప్పుకొంటా. కానీ చాలా ఖర్చు నేను చేతులారా తెచ్చుకున్నదే. ఎలాగంటే..

‘సీట్లు ఎలాగూ విప్పాం కదా, కవర్లు ఒక్కటే ఎందుకు, ఫోమ్ కూడా మార్చేద్దాం.’ ‘రంగు ఎలాగూ గీకాం కదా, మామూలు పెయింట్ ఎందుకు, క్లియర్ కోట్ ఉన్నది వేయిద్దాం.’ ‘బంపర్లు ఎలాగూ తీశాం కదా, క్రోమ్ పూత వేయిద్దాం.’ విడిగా చూస్తే ప్రతి మాటా సబబే. పైగా ప్రతిదానికీ ‘ఇప్పుడు చేయకపోతే తర్వాత మళ్లీ విప్పాలి’ అనే సమాధానం రెడీగా ఉంటుంది. అయితే ఒక్కసారి కూడా షీట్ తెరిచి, ఈ మాట అంటే మొత్తం ఎంతకు చేరుతుందో చూడలేదు. 35 వేల పెయింట్ 74 వేలు, 15 వేల సీట్లు 28 వేలు అయ్యాయి. ఖర్చు తడిసి మోపెడైంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్నే ‘స్కోప్ క్రీప్’ అంటారు. ‘ఎలాగూ లాగిన్ పేజీ చేస్తున్నాం కదా, ఓటీపీ కూడా పెట్టేద్దాం’ అనడమూ, బంపర్ల క్రోమూ ఒకే జాతి. పని పెంచకూడదని కాదు. పెంచిన ప్రతిసారీ డబ్బు, రోజులు రెండూ మళ్లీ లెక్కేసి, అవతలివాళ్ల చేత ఒప్పించుకోవాలి. మంచి కంపెనీలు దీనికోసం ప్రత్యేకంగా ఒక పద్ధతి పెట్టుకుంటాయి. నా దగ్గర లేదు.

లెక్కలో అసలు లేనివి

అన్నిటికన్నా సిగ్గుపడిన విషయం ఇది. వైరింగ్ 18,000. క్రోమ్, రబ్బరు బీడింగులు 20,000. కారు తోలించడం, నా ప్రయాణాలు 14,000. షెడ్డు అద్దె 12,000. ఆర్‌సీ రెన్యువల్, ఆలస్య రుసుము, ఇన్సూరెన్స్ కలిపి 20,000. మొత్తం 84,000. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా నా షీట్‌లో లేదు. తక్కువ వేయడం కాదు, లైనే లేదు.

ఆర్‌సీ సంగతి వేరే చెప్పాలి. మా కారు ఆర్‌సీ గడువు 2021లోనే ముగిసింది. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. ఆలస్యానికి రుసుము అదనం. ‘పాత కారు కదా, వింటేజ్ కింద రాయితీ ఉంటుందిలే’ అనుకున్నా. 2021 వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకే. పైగా వాటిని రోజువారీగా తిప్పకూడదు. ఒక్క పావుగంట చదివి ఉంటే ముందే తెలిసేది.

మన బుర్ర తీరే అంత

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. మన పని గురించి అంచనా వేసేటప్పుడు అన్నీ సవ్యంగా జరిగే దారినే ఊహించుకుంటాం. అలాంటి పనులు మిగతావాళ్లకు ఎంత పట్టాయో చూడం. కానెమన్ బృందమే ఒక పాఠ్యపుస్తకం రెండేళ్లలో రాసేస్తామనుకుంది. ఎనిమిదేళ్లు పట్టింది! ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపెరా హౌస్‌కు 70 లక్షల డాలర్లు అవుతుందనుకున్నారు. 1973లో పూర్తయ్యేసరికి 10.2 కోట్ల డాలర్లు తేలింది.

నేనూ అంతే. ఫియట్ బాగుచేయించిన వాళ్లు ఆటోనగర్‌లోనే నలుగురు దొరికేవాళ్లు. వాళ్లలో ఒక్కరినైనా ‘మీకు చివరికి ఎంతయింది?’ అని అడగలేదు.

సంక్రాంతికి బయటపడింది

నవంబరు వచ్చేసింది. షష్టిపూర్తి రోజు కారు ఆటోనగర్‌లో రేకుల గూడులా ఉంది. తలుపుల్లేవు, ఇంజిన్ లేదు. నాన్నను అద్దె కారులో గుడికి తీసుకెళ్లా. ‘కారేదిరా?’ అని బాబాయి వాళ్లు అడుగుతుంటే ‘పార్ట్ ఒకటి రావాలి బాబాయ్’ అన్నా. నాన్న ఏమీ అనలేదు.

నేను దాచుకున్న 1,80,000 డిసెంబరుకల్లా ఖాళీ. ఇంట్లో చెప్పకుండా లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకున్నా. రెండేళ్లపాటు నెలకు ఏడు వేల పైచిలుకు ఈఎంఐ. నాన్న ఫోన్లో ఎప్పుడు అడిగినా ‘అయిపోవచ్చింది నాన్నా, లక్షన్నరలోనే అవుతోంది’ అనేవాణ్ని.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నా ఫోన్ టేబుల్ మీద ఉంది. ఈఎంఐ మెసేజ్ అమ్మ కంట పడింది. రాత్రి భోజనాలయ్యాక నాన్న కూర్చోబెట్టి అడిగారు. అంతా చెప్పా. ఆయన అరవలేదు. ‘కారు ఆలస్యమైందని కాదురా నా బాధ. లెక్క దాచావు చూడు, అది. ముందే చెప్పుంటే ఆ క్రోములూ గీములూ వద్దని నేనే అనేవాణ్ని కదా’ అన్నారు.

ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ కారు ఎలా ఉండాలో తేల్చాల్సిన మనిషి ఆయన. ఆయనకు మెరిసే కారు అవసరం లేదు, నడిచే కారు చాలు. నేను లెక్క దాచడం వల్ల ఆయన వద్దని చెప్పే అవకాశమే లేకుండా పోయింది. ఆఫీసులోనైనా ఇంతే. పని వెనకబడినప్పుడు మేనేజర్‌కు కోపం వస్తుందని చివరిదాకా దాస్తే, అప్పటికి ఆయన చేయగలిగింది ఏమీ మిగలదు. చెడ్డ వార్తకు కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. ముందు చెబితే అది సమాచారం, ఆలస్యంగా చెబితే తప్పు.

రెండో అంచనా

కనుమ మర్నాడు నాన్నా నేనూ కలిసి ఆటోనగర్ వెళ్లాం. అప్పటిదాకా అయిన ఖర్చు 2,30,000. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ‘ఇంత పెట్టాం, ఇప్పుడెలా ఆపుతాం?’ అనిపిస్తుంది. పెట్టిన డబ్బు ఆపినా తిరిగి రాదు, కొనసాగించినా తిరిగి రాదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే.. ‘ఈ రోజు నుంచి పూర్తయ్యేదాకా ఇంకా ఎంత కావాలి? అంత పెట్టడం మనకు సమ్మతమేనా?’

మేస్త్రితో కూర్చుని ఒక్కో పనీ రాశాం. ఈసారి ఆయన ‘విప్పితేగానీ’ అనలేదు. అన్నీ విప్పే ఉన్నాయి. ఏసీ, అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్ అని నేను రాసుకున్న కోరికలన్నీ నాన్న ఒక్క గీతతో కొట్టేశారు. క్రోమ్ బంపర్లకే పరిమితం చేశాం. మిగిలిన దాన్లో కొంత ‘అనుకోని ఖర్చు’ అని విడిగా పెట్టాం. మొత్తం 1,50,000 తేలింది. సరేనన్నాం. నెలనెలా జీతంలోంచి ఇస్తూ, డబ్బు ఉన్నంతవరకే పని అన్నాం. అందుకే ఇంకో పది నెలలు పట్టింది.

చివరికి ఆ రెండో విడతకు అయింది 1,76,000. అంటే రెండో అంచనా 17 శాతం తప్పింది. మొదటిది ఎంత తప్పిందో తెలుసా? 171 శాతం! మనిషి అదే, కారు అదే, మేస్త్రి అదే. మారింది మూడే. విప్పి చూశాక లెక్కేశాం, పని చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నాం, డబ్బిచ్చేవాళ్లకు నిజం చెప్పాం.

2023 నవంబరులో కారు రోడ్డెక్కింది. అంతకు కొద్ది రోజుల ముందే, అక్టోబరు చివర్లో, 20 ఏళ్ల గడువు దాటిపోవడంతో ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ ఆగిపోయిందని వార్తల్లో చూశాం. మాది అప్పుడే మొదలైంది. ఏడాది ఆలస్యంగా నాన్నను అదే గుడికి తీసుకెళ్లా. నిజానికి ఆయనే నడిపారు, నేను పక్కన కూర్చున్నా.

అన్నట్టు, 4,06,000లో లోన్ వడ్డీ లేదు. అది ఇంకో 23 వేలు. అమ్మితే ఇందులో సగం కూడా రాదు. అమ్మేది లేదనుకోండి, అది వేరే సంగతి.

మీ ప్రాజెక్టుకు ఎలా వాడుకోవాలి?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదలుపెడుతున్నారా? నా తప్పులు మీకు ఉచితం.

విప్పి చూసే ఖర్చును విడిగా పెట్టండి. నేను ముందు అయిదు వేలిచ్చి ఫ్లోర్, తలుపులు, ఇంజిన్ విప్పించి చూసి, ఆ తర్వాత బడ్జెట్ వేయాల్సింది. మీరూ అంతే. ఒక సెన్సర్, ఒక బోర్డు కొని వారం పాటు పనిచేయించి చూశాకే మొత్తానికి అంచనా వేయండి.

ఒక్క అంకె కాదు, మూడు అంకెలు రాయండి. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ ఎదురు తిరిగితే ఎంత. పెర్ట్ పాఠంలో చదివిన సూత్రమే: మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి ఆరుతో భాగించండి. నా టింకరింగ్‌కు 30 వేలు, 60 వేలు, 1,20,000 అని వేసుంటే 65 వేలు వచ్చేది. అసలు ఖర్చు అంతకన్నా ఎక్కువే అయింది, నిజమే. కానీ ‘1,20,000 కావచ్చు’ అనే మాట కాగితం మీద ఉండుంటే నేను షష్టిపూర్తికి మాట ఇచ్చేవాణ్నే కాదు.

లేని లైన్లు వెతకండి. కొరియర్, కాలిపోతే మార్చడానికి ఇంకో బోర్డు, రికార్డు ప్రింటింగ్, బైండింగ్, రివ్యూకు వెళ్లే ఆటో ఛార్జీలు. సీనియర్ బ్యాచ్‌ను ‘మీరు అనుకోనిది ఏం ఖర్చయింది?’ అని అడగండి. ఒక్క ప్రశ్నతో సగం లైన్లు బయటపడతాయి.

‘ఎలాగూ’ అనే మాట వినగానే షీట్ తెరవండి. కొత్తగా చేర్చే ప్రతి ఫీచర్ పక్కన డబ్బు, రోజులు రాసి నలుగురూ ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి.

వారానికోసారి నిజం చెప్పండి. గైడ్‌కు, ఇంట్లోవాళ్లకు, టీమ్‌కు. అనుకున్నది ఎంత, అయ్యింది ఎంత, మిగిలింది ఎంత. మూడు వాక్యాలు చాలు.

ఇంటర్వ్యూలో పనికొచ్చింది

2024లో ఉద్యోగం మారడానికి ఇంటర్వ్యూలకు వెళ్లా. ‘మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి’ అని అడిగారు. మొదటి చోట అందరిలాగే ‘పర్ఫెక్షన్ కోసం ఎక్కువ కష్టపడతా, అదే నా బలహీనత’ లాంటిదేదో చెప్పా. ఎదుటి ఆయన రాసుకోవడం ఆపేశారు. రెండో చోట ఈ కారు కథ చెప్పా. లక్షన్నర ఎలా వేశాను, ఎక్కడ తప్పింది, ఎవరి దగ్గర దాచాను, తర్వాత ఏం మార్చాను, 171 శాతం 17కు ఎలా తగ్గింది. పావుగంట ప్రశ్నలన్నీ దాని మీదే. ఉద్యోగం ఆ ఒక్క జవాబుతోనే వచ్చిందని చెప్పను. కానీ ఆ గదిలో నేను కంఠతా పట్టింది అప్పజెప్పని జవాబు అదొక్కటే.

మీకు కారు ఉండక్కర్లేదు. కాలేజీ ఫెస్టుకు బడ్జెట్ దాటిందా? మినీ ప్రాజెక్టు డెమో రోజు పనిచేయలేదా? దాన్ని కప్పిపెట్టకండి. అనుకున్న అంకె, అయిన అంకె, మీ తప్పు, తర్వాత మీరు మార్చింది.. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ ఓటమికి అంకెలు ఉంటే అది అనుభవం అవుతుంది.

మొన్న దసరాకి ఊరెళ్తే నాన్న అన్నారు, ‘క్లచ్ కొంచెం పట్టేస్తోందిరా, ఒకసారి విప్పి చూపిద్దామా?’ అని. ‘చూపిద్దాం నాన్నా’ అన్నా. ముందు మాత్రం షీట్ తెరిచా.